ఇంటిలోని లెక్కలు: తల్లిదండ్రులకు కొన్ని మాటలు

ప్రతి సంవత్సరము జూన్ నెలలో బడి తెరచినపుడు మా గదికి వచ్చు తల్లిదండ్రులు అడుగు ప్రశ్నలలో రెండు తప్పక ఉండును. తెలుగు మాధ్యమమున చదివిన బిడ్డ లెక్కలలో వెనుకబడడా యనునది ఒకటి. ఇంటిలో లెక్కలు చెప్పుటకు మాకు చదువు లేదే, ఏమి చేయుదుమనునది రెండవది. మొదటి ప్రశ్న వెనుక బిడ్డను వేరొక బడికి మార్చవలెనను ఆలోచన దాగియుండును. రెండవ దాని వెనుక సిగ్గు దాగియుండును. ఆ రెంటికిని మాకు తోచిన సమాధానము ఈ వార్షిక సంచికలో వ్రాయ సంకల్పించితిమి. ఐదు మొదలు పది పదకొండేండ్ల వరకు గల బిడ్డలను మనస్సున ఉంచుకొని వ్రాయుచున్నాము.

గత సంవత్సరము ఒక తల్లి వచ్చి, "నేను బీడీలు చేసుకునేదాన్ని సార్. నాకు లెక్కలేడొస్తయి? మావోన్ని ట్యూషన్‌కు పంపుమంటరా?" అని అడిగినది. మన షోలాపురములో మరమగ్గములు, అనగా మనవారు సాంచాలని పిలుచునవి, పురుషులకు అన్నము పెట్టినట్లే బీడీలు ఎందరో స్త్రీలకు అన్నము పెట్టుచున్నవి. నిన్న ఎన్ని చేసితివమ్మా యని మేము అడిగితిమి. "ఎనిమిది వందలు సార్, ముప్పై రెండు కట్టలు. ఇంకో ఎనిమిది కట్టలయితే వెయ్యి" అని తడుముకొనకుండ చెప్పినది. కట్టకు 25 బీడీలు. కూలి వేయింటి మీద. 800ను 25 చేత భాగించి, వేయింటికి ఎన్ని తక్కువో కట్టలలో చెప్పిన ఆ తల్లి, తనకు లెక్కలు రావని మా యెదుటనే అనుచున్నది. బిడ్డ ఆమె కొంగు పట్టుకొని ఆ మాట వినుచునే యున్నాడు.

ఆమె వెళ్లిన పిదప మాకు మా తప్పు ఒకటి జ్ఞప్తికి వచ్చినది. మేము వృత్తిలో చేరిన తొలి దినములవి. నాల్గవ తరగతిలో 1000 నుండి 375 తీసివేయుడని నల్లబల్ల మీద వ్రాసితిమి. వరుసగా సున్నలున్నచోట తీసివేత పిల్లలకు కష్టము. తరగతి యంతయు పలకల మీద వంగియుండగా వెనుక వరుసలోని బాలుడొకడు పలక ముట్టకుండనే "625" అనెను. ఎట్లు చేసితివో చూపుమంటిమి. వాడు చూపలేకపోయెను. ఎవరి పలకనో చూచి చెప్పినాడని నిశ్చయించి, గంట కొట్టువరకు వానిని బల్ల మీద నిలబెట్టితిమి. అప్పటికి ఎవ్వరును లెక్క ముగింపలేదను సంగతి మాకు తోచనే లేదు.

సాయంత్రము వాని అక్క మా వద్దకు వచ్చి, "మా అమ్మ బీడీలు కడితే కట్టల లెక్క వీడే చెప్తడు సార్" అనినది. అపుడు గాని మాకు తెలియలేదు. వేయి అనగా వానికి 40 కట్టలు. 375 అనగా 15 కట్టలు. మిగిలినవి 25 కట్టలు; ఇరువది అయిదు ఇరువది అయిదులు 625 అని వానికి నిత్యము వినుటచేత వచ్చును. మరునాడు తరగతి ముందర వానిచేతనే ఆ పద్ధతిని చెప్పించితిమి. అయినను ఆ బాలుడు ఆ సంవత్సరమంతయు తనంతట తాను మరల నోరు విప్పలేదు. ఇపుడు వాడెక్కడ నున్నాడో మాకు తెలియదు.

ఇందువలన బిడ్డలచేత బీడీలు చుట్టింపుడని మేము చెప్పుచున్నామని ఎవరును అనుకొనరాదు. పొగాకు దుమ్ము బిడ్డలకు దూరముగా ఉండవలెను. ఎంచుటకు చింతగింజలు చాలును, కందిపప్పు చాలును. మా మాట ఏమనగా, మీ ఇంటిలో లెక్క ఇదివరకే యున్నది. దానిని బిడ్డకు ప్రశ్నగా అందించుట యొక్కటే మిగిలినది.

తెలుగు మాధ్యమమును గూర్చిన సందేహమునకు వత్తుము. మనము సంఖ్యలను పలుకు తీరు గమనింపుడు. ఇరువది, ముప్పది, నలుబది, ఏబది, అరువది: ఈ మాటలలో 'పది' వినబడుచునే యున్నది. ఇరువది యనగా రెండు పదులు, ముప్పది యనగా మూడు పదులు. వాడుకలో ఇరవై, ముప్పై అనుటచేత ఆ పది మరుగున పడినది. పాత రూపమును ఒకమారు చెప్పినచో బిడ్డ దానిని పట్టుకొనును. ఇరువది యొకటి యనునపుడు పదులు ముందు, ఒకట్లు తరువాత. వ్రాయునపుడును 21లో అదే వరుస. మరాఠీలో ఇది వేరు. 'ఏకవీస్' అనగా ఒకటి ముందు, ఇరువది తరువాత. 'పంచవీస్' అని విని 52 అని వ్రాసిన పిల్లలను మేము చూచియున్నాము. 2019లో బాలభారతి రెండవ తరగతి గణిత పుస్తకమున 'వీస్ ఏక్' అని చదువు పద్ధతిని చేర్చగా మహారాష్ట్రమందు పెద్ద వివాదము చెలరేగినది. ఆ గణిత సమితికి అధ్యక్షురాలుగా నుండిన మంగళా నార్లీకర్ గారు, దక్షిణ భారత భాషలలో సంఖ్యలను ఇట్లే పలుకుదురని జ్ఞాపకము చేసిరి. ఇతరులు చేర్చుకొనగోరిన సదుపాయము మన బిడ్డలకు ఉగ్గుపాలతో వచ్చినది. మనము దానిని ఇంటిలో వాడుకొనక పోగొట్టుకొనుచున్నాము.

అట్లని మరాఠీని తక్కువ చేయరాదు. 29ని 'ఏకోణతీస్' అందురు. ముప్పదికి ఒకటి తక్కువ యని దాని యర్థము. 29కి 35 కలుపవలసి వచ్చినపుడు 30కి 35 కలిపి ఒకటి తీసివేయు ఉపాయము ఆ మాటలోనే యున్నది. మన బిడ్డలకు రెండు భాషలును వచ్చును గదా. తెలుగులో 29 ఏమని చెప్పుచున్నది, మరాఠీలో ఏమని చెప్పుచున్నది, రెంటిలో ఏ తోవన పోయిన కూడిక త్వరగా తేలును అని రాత్రి భోజనమువేళ అడిగి చూడుడు. రెండు భాషల నడుమ పెరుగుట బిడ్డకు బరువని భయపడు తల్లిదండ్రులు ఆ జవాబు వినవలెను.

తెలుగులో గణితము నిన్న మొన్న పుట్టినదియు కాదు. మన జిల్లాకు పొరుగున కలబురిగి జిల్లాలో మల్ఖేడ్ అను ఊరు కలదు. అదియే రాష్ట్రకూటుల రాజధానియైన మాన్యఖేటము. అమోఘవర్షుని కాలమున, 9వ శతాబ్దిలో, మహావీరాచార్యుడు సంస్కృతమున గణితసారసంగ్రహమును రచించెను. దానిని 11వ శతాబ్దిలో పావులూరి మల్లన తెలుగు పద్యములలోనికి తెచ్చెను. మహావీరుడు ముత్యాల పేరువలె ఒకే అంకె వరుసగా వచ్చు గుణకారములను చూపినాడు: 152207ను 73చేత గుణించిన 11111111 వచ్చును. మూడవ తరగతి బిడ్డకు అంత వద్దు. 37ను 3చేత గుణింపుమనుడు, 111 వచ్చును. పిదప 6చేత, 9చేత గుణింపుమనుడు. 222, 333 రాగానే 12చేత ఏమి వచ్చునో గుణింపకయే చెప్పుటకు బిడ్డ తొందరపడును. ఆ తొందరయే మనకు కావలసినది.

ఎక్కములను వల్లెవేయుట తప్పని ఈ మధ్య కొందరు చెప్పుచున్నారు. మేము వారితో ఏకీభవింపము. ఎక్కములు రాని బిడ్డకు ప్రతి లెక్కయు ఎదురుగాలిలో సైకిలు త్రొక్కినట్లుండును. కాని వల్లెవేసిన దానిలోనికి తొంగిచూడనిచ్చుట మన పని. తొమ్మిదవ ఎక్కమును నిలువుగా వ్రాయించి, ఇందులో ఏమి దాగియున్నదో కనుగొనుమనుడు. పదులు ఒక్కొక్కటి పెరుగుచు, ఒకట్లు ఒక్కొక్కటి తరుగుచు పోవునని నేడు చూచును. 18లోని 1, 8 కలిపినను, 27లోని 2, 7 కలిపినను తొమ్మిదే యని రేపు చూచును. ఎందుకట్లు వచ్చుచున్నదని అడిగి ఊరకుండుడు. తొమ్మిది కలుపుట యనగా పది కలిపి ఒకటి తీయుటయే యని ఒక నెలకైనను తానే వచ్చి చెప్పును.

ఇక ముగ్గులు. తెల్లవారుజామున వాకిట ముగ్గు పెట్టు తల్లి బిడ్డను ప్రక్కన కూర్చుండబెట్టుకొనుట మేలు. నడుమ వరుసలో ఏడు చుక్కలు, దానికిరువైపుల ఐదు, మూడు, ఒకటి. మొత్తమెన్ని? మొదట వ్రేలితో ఎంచును. 25 అని చెప్పును. నడుమ తొమ్మిది పెట్టినచో? మరల ఎంచును, 41. ఇపుడు ఎంచకుండ చెప్పు ఉపాయము కలదా యని అడుగుడు. ఇక్కడ తొందరపడి చెప్పివేయరాదు. చింతగింజలు చేతికిచ్చి, ఒక గింజ పెట్టించి, దానికి రెండు ప్రక్కల ఆనునట్లు మూడు గింజలు పెట్టింపుడు. రెండు రెళ్ల చదరమగును. దానికి మరల రెండు ప్రక్కల ఐదు పెట్టింపుడు. మూడు మూళ్ల చదరమగును. ఒకటి, మూడు, ఐదు, ఏడు కలిపిన 16, అనగా నాలుగు నాళ్లు. ముగ్గులో పైనుండి నడుమ వరుస దాక ఒక చదరము, దాని క్రింద మిగిలినది మరియొక చదరము: 16, 9 కలిసి 25. ఇది పెద్ద తరగతులలో శ్రేఢుల పేరిట వచ్చు విషయమే. మా బడిలో ఒక రెండవ తరగతి బాలిక దీనిని ముగ్గుపిండితో కనిపెట్టి, ఏడవ తరగతిలో చదువుచున్న తన అన్నకు చెప్పగా, వాడు పుస్తకములో చూచి గాని నమ్మలేదు.

ఆటలలో అష్టాచెమ్మాను మించినది లేదని మా అభిప్రాయము. అడుగులెంచుట, కాయను చంపవలెనా, ఇంటికి చేర్చవలెనా యని ఆలోచించుట యెట్లును కలదు. అంతకంటె లోతైన ప్రశ్నలు అందులోనున్నవి. నాలుగు గవ్వలు వేసినపుడు ఒకటి, రెండు, మూడు పడును. నాలుగును వెల్లకిల పడిన చెమ్మ, అనగా నాలుగు. నాలుగును బోర్ల పడిన అష్ట, అనగా ఎనిమిది. ఐదు ఏల పడదు? ఐదు గడులు పోవలసియున్నచో రెండు పందెములలో ఎన్ని విధములుగా పోవచ్చును? ఒకటి నాలుగు, రెండు మూడు, మూడు రెండు, నాలుగు ఒకటి. ఈ నాలుగు విధములను ఆరేండ్ల బిడ్డ కూడ ఏర్చగలదు. పెద్దబిడ్డచేత నూరు పందెములు వేయించి, ఏది ఎన్నిమార్లు పడినదో చీటీమీద గీతలు గీయింపుడు. ఐదవ తరగతి వచ్చిన వానికి గవ్వలకు బదులు నాలుగు నాణెము లిచ్చి, బొమ్మ, బొరుసు ఎన్ని విధములుగా పడవచ్చునో అన్నియు వ్రాయుమనుడు. పదునారు విధములు తేలును. వానిలో రెండు బొమ్మలు గలవి ఆరు. నాలుగును బొమ్మలు గలది ఒక్కటే. అష్టాచెమ్మాలో పెద్ద పందెమునకు మరల వేయు హక్కు ఎందుకిచ్చిరో అపుడు వానికి తెలియును. గవ్వ నాణెమువంటిది కాదు, రెండువైపుల సమానముగా పడదు. ఆ భేదమును కూడ వాడే గీతలలో చూడవలెను.

భిన్నములకు వంటయింటిని మించిన తరగతి గది లేదు. ఏడు జొన్నరొట్టెలు, తినువారు నలుగురు. తలకొకటి పోగా మూడు మిగిలినవి. రెంటిని సగములు చేసిన తలకు అర. మిగిలిన యొక్క రొట్టెను నాలుగు చేసిన తలకు పావు. ఒకటి, అర, పావు కలిసి ఒకటిముప్పావు. బడిలో అడ్డగీత గీసి పైన మూడు, క్రింద నాలుగు వ్రాయించుటకు ముందే బిడ్డ నోట ముప్పావు అను మాట, చేతిలో దాని పరిమాణము రెండును ఉండవలెను. మరునాడు మేనమామ వచ్చి నలుగురు ఐదుగురైనను, తండ్రి సాంచాపైకి రాత్రి పాళీకి పోయి ముగ్గురే మిగిలినను లెక్క మారిపోవును. ముగ్గురికి ఏడు రొట్టెలు పంచుమనుడు. సగము చేసిన తేలదు, పావులు చేసిన తేలదు, ఇంకను సగము చేసినను ఒక ముక్క మిగులుచునే యుండును. అర, పావు, వీసము అను మన ఇంటి మాటలన్నియు సగము చేయుచు వచ్చినవే. మూడవ వంతునకు అట్టి పొట్టి మాట వాడుకలో లేదు. ఎందుకు లేదో ఆ రొట్టె ముందర కూర్చున్న బిడ్డకు తెలియును.

'పదహారణాల తెలుగు' అని మన సభలలో తరచుగా అందుము. రూపాయికి పదునారు అణాలని పిల్లలకు తెలియదు. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చినపిదప ఆ లెక్క పోయినది. వారికా సంగతి చెప్పి, 16ను సగము చేయుచు పొమ్మనుడు: 8, 4, 2, 1. నూరును సగము చేయుచు పొమ్మనుడు: 50, 25, అక్కడ ఆగును. పూర్వులు పదునారునేల ఎంచుకొనిరో, తరువాతివారు నూరునేల ఎంచుకొనిరో తాతతో వాదింపనిండు. ఇరుప్రక్కల వాదమునకు బలము కలదు.

కొంచెము పెద్దబిడ్డలకు, తీసివేతలన్న విసుగు పుట్టినవారికి, మన మహారాష్ట్రమునకే చెందిన ఒక బడిపంతులు కనుగొనిన వింత చెప్పెదము. నాసిక్ దగ్గరి దేవళాలీలో ఉపాధ్యాయుడుగా నుండిన దత్తాత్రేయ రామచంద్ర కాప్రేకర్ గారు (1905–1986) ఏ విశ్వవిద్యాలయ పదవియు లేకయే అంకెలతో ఆడుకొనుచు జీవించిరి. నాలుగంకెల సంఖ్య నొకదానిని తీసికొనుడు. అంకెలన్నియు ఒక్కటే కారాదు. 3524 అనుకొందము. ఆ అంకెలతో కూర్చగల పెద్ద సంఖ్య 5432, చిన్నది 2345, తీసివేసిన 3087. దానితో మరల అట్లే: 8730 నుండి 0378 పోగా 8352. మరల: 8532 నుండి 2358 పోగా 6174. ఇక ఎన్నిమార్లు చేసినను 6174యే. ఏ సంఖ్యతో మొదలిడినను ఏడు తీసివేతల లోపుననో, ఏడవదానితోనో ఇక్కడికే చేరుదుము. మధ్యలో సున్న ముందు వచ్చినచో దానిని విడువరాదు. మూడంకెలతో చేసిన ఏ సంఖ్య వచ్చునో మేము చెప్పము, బిడ్డనే వెదకుమనుడు. పది తీసివేతలు చేయుమన్న మొగము ముడుచుకొను పిల్లవాడు దీనికొరకు ముప్పది చేయును. మధ్యలో ఎక్కడనైన తప్పు చేసినను, ఆటను కొనసాగించినచో చాలవరకు మరల 6174కే చేరును. మనము ఎఱ్ఱ సిరా పట్టుకొని కూర్చుండ నక్కరలేదు.

ఇన్ని చెప్పితిమి గాని వీనినన్నిటిని పాడుచేయు అలవాటొకటి మన ఇండ్లలోను, మా బడులలోను కలదు. బిడ్డ తప్పు చెప్పినపుడు మాత్రమే "ఎట్లా వచ్చింది?" అని అడుగుదుము, ఒప్పు చెప్పినపుడు "సరే" అని ఊరకుందుము. కొన్నాళ్లకు "ఎట్లా?" అనగానే తాను తప్పు చేసితినని బిడ్డ జవాబు మార్చివేయును. ఒప్పు చెప్పినపుడు కూడ అడుగుడు. ఆనాడు మేము 625 ఎట్లు వచ్చెనో మెల్లగా, నవ్వుచు అడిగియుండిన, ఆ బాలుడు కట్టల సంగతి అప్పుడే చెప్పియుండునేమో. జవాబు రానపుడు లోపల నూరు ఎంచుకొని కాని నోరు తెరవకుడు. ఇది కష్టము. పొయ్యి మీద కూర మాడుచుండగా మరియు కష్టము. రోజుకు పావుగంట చాలును. అదియు విసుగు లేని పావుగంట. రాత్రి పాళీ చేసి వచ్చిన తండ్రిని ఉదయమున లెక్కలాడుమని మేము కోరము. ఆదివారముండనే యున్నది.

మరియొక కోరిక. చుట్టములు వచ్చినపుడు "మా వంశంల ఎవ్వరికీ లెక్కలు రావు, వీనికి మాత్రం ఎట్ల వస్తయి?" అని బిడ్డ ముందర నవ్వుచు అనకుడు. మీరు మగ్గముమీద పోగులు లెక్కించువారు, చీటీపాటల వడ్డీ నోటితో తేల్చువారు. ఆ మాట అబద్ధము.

జనవరిలో జరుగు తల్లిదండ్రుల సమావేశమునకు వచ్చునపుడు ఈ యొక లెక్కకు జవాబు తెండు. సంక్రాంతికి నడుమ వరుసలో 15 చుక్కలు, ఇరువైపుల 13, 11 చొప్పున తగ్గుచు ఒక్క చుక్క దాక పోవు ముగ్గు పెట్టవలెను. చుక్కలెన్ని? జవాబును ఈ సంచికలో ఎక్కడను అచ్చువేయలేదు. మేము మిమ్ములను అడుగము. మీ ప్రక్కన నిలుచున్న బిడ్డనడుగుదుము, ఎట్లు వచ్చెనో కూడ అడుగుదుము.